గ్లామర్ అంటే కనికట్టు: ఒక పాత స్కాట్స్ మాట అనువాదం, కేస్ స్టడీ

స్కాట్లండ్ కవిత్వం నుంచి కొన్ని భాగాలు ఎంచుకుని తెలుగు చేస్తున్నప్పుడు ఒక్క మాట దగ్గర పదకొండు రోజులు ఆగిపోయాను. ఆ మాట గ్లామర్. మనకు తెలియని మాటైతే ఇంత కష్టపడేదాన్ని కాదు. రోజూ వాడేది, సినిమా పేజీల్లో నలిగిపోయినది కావడం వల్లే చిక్కు వచ్చింది. ఆ చిక్కు ఎలా విడిందో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో వరసగా రాస్తున్నాను. పాత మాటలతో పనిచేసే అనువాదకులకు ఎక్కడో ఒకచోట పనికొస్తుంది.

ముందు సందర్భం. వాల్టర్ స్కాట్ 1805లో ‘ది లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్’ అనే కథాకావ్యం అచ్చువేశాడు. కథ ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దుల్లో నడుస్తుంది. బ్రాంక్సమ్ కోట దొరసాని తన మనిషి విలియమ్ ఆఫ్ డెలొరెయిన్‌ను మెల్రోజ్ మఠానికి పంపుతుంది. అక్కడ మైకేల్ స్కాట్ అనే మాంత్రికుడి సమాధిలో ఒక గొప్ప మంత్రగ్రంథం ఉంది. దాన్ని తీసుకుని తిరిగి వస్తుంటే డెలొరెయిన్‌కు శత్రువు ఎదురవుతాడు, పోరులో అతను గాయపడి పడిపోతాడు. ఆ శత్రువు దగ్గర గోబ్లిన్ అనే దయ్యపు జాతి మరుగుజ్జు సేవకుడొకడు ఉన్నాడు. గాయపడినవాడి దగ్గర వాడికి ఆ పుస్తకం దొరుకుతుంది. దాని ఇనుప గొళ్లేలు క్రైస్తవ దీక్ష లేని చేతికి లొంగవు. డెలొరెయిన్ ఒంటి మీది గడ్డకట్టిన నెత్తురు అట్టకు పూసి తెరుస్తాడు. పుస్తకం ఒక్క క్షణం తెరుచుకుంటుంది. ఆ క్షణంలో వాడు చదవగలిగింది ఒక్క చిన్న మంత్రం. ఆ మంత్రంలో ‘గ్లామర్ మైట్’ నిండుగా ఉందని వాల్టర్ స్కాట్ రాశాడు.

ఆ వెంటనే వచ్చే పంక్తులే ఈ కేసంతా. మంత్రం ఏం చేయగలదో అందులో చెబుతాడు. నా మొదటి చిత్తుప్రతిలో ‘దాని గ్లామర్ శక్తి అంతా ఇంతా కాదు’ అని రాసి ముందుకు వెళ్లిపోయాను. మాట తెలుగులో ఉన్నదే కదా, ఎందుకు మార్చాలి అనుకున్నాను.

తప్పు పట్టింది మా వీధిలో ఉండే ఒక రిటైరైన తెలుగు మాస్టారు. నా పని ఏదైనా ఆయన ఒకసారి చూడకుండా బయటికి పంపను. పేజీ చదివి, కళ్లద్దాలు తీసి, ‘ఏమ్మా, మంత్రం చదవగానే ఆ పిల్లకు అందం వచ్చిందా?’ అని అడిగారు.

‘లేదు మాస్టారూ. ఆడమనిషి అక్కడే ఉంటుంది. చూసేవాళ్లకు మాత్రం గుర్రపు వీరుడిలా కనిపిస్తుంది.’

‘మరి గ్లామర్ అన్నావేం? నాకు పౌడరూ లైట్లూ గుర్తొచ్చాయి.’

ఆయన అడిగిన దానిలోనే చిక్కంతా ఉంది. ఇప్పటి తెలుగులో గ్లామర్ మనిషి దగ్గర ఉండే గుణం. ‘ఆమెకు గ్లామర్ ఉంది’, ‘ఆ పాత్రకు గ్లామర్ తగ్గింది’ అంటాం. స్కాట్ పంక్తుల్లో గ్లామర్ అలా ఎవరికీ ఉండదు. ఒకరు చేస్తారు, మరొకరి మీద పడుతుంది. ఈ తేడా తెలిశాక, ఈ మాట స్కాట్లండ్‌లో పుట్టినప్పుడు ఏ క్రియతో కలిసి బతికిందో చూడాలనిపించింది. నామవాచకం అర్థం నిఘంటువు చెబుతుంది. అది ఏ పని చేస్తుందో పక్కనున్న క్రియే చెబుతుంది.

పలకరాళ్ల డబ్బు

స్కాట్స్ అనేది ఇంగ్లిష్‌కు అక్కచెల్లెలి వంటి భాష. స్కాట్లండ్ పల్లపు ప్రాంతాల్లో పెరిగింది. దాని మాటల కోసం జాన్ జేమీసన్ 1808లో తెచ్చిన నిఘంటువు ఉంది. 1931 నుంచి 1976 వరకు పది సంపుటాలుగా వచ్చిన స్కాటిష్ నేషనల్ డిక్షనరీ కూడా ఉంది. ఈ రెండోది ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రతి మాటకూ పాత వాక్యాలు ఇస్తుంది కాబట్టి అనువాదకులకు అర్థం కన్నా ఆ వాక్యాలే ఎక్కువ ఉపయోగం.

ఈ మాట అచ్చులో కనిపించే తొలి ఉదాహరణల్లో ఒకటి అలన్ రామ్సే రాసిన పద్యంలో ఉంది. రామ్సే ఎడిన్‌బరోలో విగ్గులు తయారుచేసే వృత్తిలో మొదలై, తర్వాత పుస్తకాల దుకాణం పెట్టిన కవి. పద్యం 1720 నాటి షేర్ల గొడవ గురించి. ఆ ఏడాది జనవరిలో సౌత్ సీ కంపెనీ షేరు 128 పౌండ్ల దగ్గర ఉండేది. వేసవికి వెయ్యి దగ్గరకు ఎగబాకింది, సంవత్సరం ముగిసేలోపు కుప్పకూలింది. ఎందరో ఆస్తులు పోగొట్టుకున్నారు. రామ్సే ఈ సంగతికి ఒక పోలిక తెస్తాడు. డబ్బు కోసం ఆత్మను అమ్ముకునే మంత్రగత్తె ఉంది. సైతాను ఆమెకు ఎర వేసి, ఆమె కళ్ల మీద తన మోసపు గ్లామర్ విసురుతాడు. ఆమె సంతకం పెట్టి ముద్ర వేస్తుంది. కళ్ల ముందు గుట్టలుగా సొమ్ము. తీరా నాణేలు లెక్కపెట్టబోతే అన్నీ పలకరాళ్లు.

ఈ పద్యం చదివాక నా చిత్తుప్రతి ఎంత తప్పో పూర్తిగా అర్థమైంది. గ్లామర్‌తో కలిసి వచ్చే క్రియ ‘విసరడం’, అది పడే చోటు ‘ఈన్’. ఈన్ అంటే స్కాట్స్‌లో కళ్లు. రామ్సే తన కవితలకు తానే పదాల పట్టిక కూడా రాశాడు. దయ్యాలు, మాంత్రికులు, గారడీవాళ్లు చూపును మోసం చేస్తే, చూసేవాడి కళ్ల మీద గ్లామర్ వేశారని అంటారని అందులో వివరించాడు. రాళ్లు రాళ్లుగానే ఉన్నాయి. మారింది చూపు.

ఈ సంగతి చెబితే మాస్టారు వెంటనే అన్నారు. ‘మా చిన్నప్పుడు ఊళ్లోకి గారడీవాడొస్తే, మా నాయనమ్మ, ఒరేయ్ ముందు వరసలో కూర్చోకు, కళ్లు కట్టేస్తాడు అనేది. అదేనమ్మా ఇది. కనికట్టు.’

కను, కట్టు. రెండు ముక్కలూ అచ్చ తెలుగు. గ్లామర్ ఏ చోట పడుతుందో కనికట్టు కూడా అక్కడే పడుతుంది, కంటి మీద. మాయ అని రాస్తే వేదాంతం దాకా వెళ్లిపోతుంది. ఇంద్రజాలం అంటే సంస్కృతపు బరువు, రాజసభ గుర్తొస్తాయి. గారడీ అంటే డప్పు, సంత, చిల్లర డబ్బులు. కనికట్టులో ఇవేవీ లేవు, చూపు ఒక్కటే ఉంది. పదకొండో రోజున ఆ మాట కాగితం మీద పెట్టాక కానీ నా టెన్షన్ తగ్గలేదు.

వ్యాకరణం ఎలా మంత్రమైంది

అయితే పని అంతటితో అవలేదు. అదే సర్గలో, కొన్ని పంక్తుల తేడాతో, స్కాట్ ‘గ్రామరీ’ అనే ఇంకో మాట వాడాడు. మరుగుజ్జు గ్రామరీతో ఏం చేసినా కీడుబుద్ధితోనే చేసేవాడని అంటాడు. గ్లామర్, గ్రామరీ ఒకే ఇంటి పిల్లలు. వాళ్ల పెద్ద గ్రీకు మాట ‘గ్రమ్మ’, అంటే అక్షరం. దాని నుంచి లాటిన్‌లో, ఫ్రెంచిలో వ్యాకరణానికి పేరు వచ్చింది. మధ్యయుగపు యూరప్‌లో చదువంటే లాటిన్ చదువు, లాటిన్ చదువంటే వ్యాకరణంతో మొదలు. చదవడం రాని జనానికి లావుపాటి పుస్తకం ముందు కూర్చుని అర్థంకాని భాషలో గొణిగే మనిషి ఏం చేస్తున్నట్టు కనిపిస్తాడు? అలా వ్యాకరణం పేరు మంత్రవిద్య మీదికి పాకింది. ఫ్రెంచిలో మంత్రాల పుస్తకాన్ని ‘గ్రిమ్వార్’ అంటారు, అదీ ఈ వంశమే. స్కాట్లండ్ నోళ్లలో రకారం లకారమై గ్లామర్ తేలింది.

ఐస్లాండ్ వైపు వేలు చూపించే వాదం కూడా ఉంది. గ్రెట్టిర్ వీరగాథలో గ్లామ్ర్ అనే మనిషి చచ్చాక కూడా లేచి తిరుగుతాడు. ఉన్నది ఒకటైతే మరోలా చూసేవాళ్లకు గ్లామ్ర్ తన కళ్లు అరువిస్తాడని లోకం అంటుందని ఆ గాథలోనే రాసి ఉంది. చదవడానికి ఎంతో ఆకర్షణగా ఉంటుంది. నిఘంటువులు ఎక్కువగా వ్యాకరణం వైపే మొగ్గాయి, నేనూ అటే ఉన్నాను. గ్రామరీ అనే తోబుట్టువు ఒకే కావ్యంలో పక్కనే నిలబడి ఉండగా దూరపు చుట్టాన్ని వెతకాల్సిన పని లేదు.

మైకేల్ స్కాట్ దగ్గర కాస్త ఆగాలి. సమాధిలో మంత్రగ్రంథంతో పడుకున్న ఈ మాంత్రికుడు నిజంగా బతికిన మనిషి. 13వ శతాబ్దపు పండితుడు. స్పెయిన్‌లోని తొలేదోలో అరబిక్ నుంచి లాటిన్‌లోకి అనువాదాలు చేశాడు. అరిస్టాటిల్ గ్రంథాలు, వాటి మీద అరబిక్ వ్యాఖ్యానాలు అలా యూరప్ చేరడంలో అతని చేయి ఉంది. రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి కొలువులో పనిచేశాడు. ఇంతటి అనువాదకుణ్ని జనం మాంత్రికుడిగా గుర్తుపెట్టుకున్నారు. ఇటాలియన్ కవి దాంతే తన కావ్యంలోని నరకంలో మాంత్రికుల మధ్య నిలబెట్టాడు. వ్యాకరణం గ్లామర్ అయిన కథ ఒక మనిషి జీవితంలో ఇలా నడిచింది. అనువాదాలు చేసుకునే నాకు ఈ సంగతి మనసులో చాలాకాలం నిలిచిపోయింది. అర్థం కాని లిపిని అర్థం చేసుకున్నందుకు ఒక మనిషికి ఇచ్చిన పేరు అది.

గ్రామరీకి తెలుగులో ఏం పెట్టాలి? వ్యాకరణం అని పెడితే మనకు చిన్నయసూరి, బాలవ్యాకరణం, సంధులు, సమాసాలు. అక్కడ దయ్యం నిలవదు. కానీ మన ‘విద్య’ చూడండి. బడిలో చెప్పేదీ విద్యే, గారడీ విద్యా విద్యే, క్షుద్రవిద్యా విద్యే. ‘వాడి దగ్గర చాలా విద్యలున్నాయి’ అంటే పొగడ్త అనుకోలేం. చదువుకూ మంత్రానికీ ఒకే మాట మన దగ్గర ముందే ఉంది. గ్రంథసాంగుడు అనే మాట కూడా ఇదే దారిలో నడిచింది. గ్రంథాలు తెలిసినవాడనే అర్థం రావాల్సిన చోట జిత్తులమారి అనే అర్థం వచ్చి కూర్చుంది. కాబట్టి గ్రామరీ ‘విద్య’ అయింది: ‘వాడు విద్యతో ఏం చేసినా కీడే తలపెట్టి చేసేవాడు.’

బర్న్స్ పద్యంలో ప్రాస

ఈ రెండు నిర్ణయాలకూ అసలు పరీక్ష స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ దగ్గర ఎదురైంది. 1789లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే పురాతన కట్టడాల పరిశోధకుడు స్కాట్లండ్‌లో తిరుగుతుంటే బర్న్స్ ఆయన మీద ఒక హాస్య పద్యం రాశాడు. ఈయన వస్తున్నాడు, పాడుబడ్డ ఇళ్లలో దయ్యాలన్నీ వణకండి అని హెచ్చరిక. అందులో ఒక చరణంలో నాలుగు పంక్తులు ఒకే ప్రాసతో ముగుస్తాయి: చామర్, గ్లామర్, గ్రామర్, హామర్. అంటే గది, కనికట్టు, వ్యాకరణం, సుత్తి. గ్లామర్ బేరం చేసే జిప్సీ గుంపును, నరకపు నల్ల గ్రామర్ క్షుణ్ణంగా చదివిన మాంత్రికులను పక్కపక్క పంక్తుల్లో పిలిచాడు. ఇద్దరు తోబుట్టువులను ప్రాసతో మళ్లీ ఒక పీట మీద కూర్చోబెట్టాడు.

ఆ ప్రాస తెలుగులో రాదు. నాలుగు రోజులు రకరకాలుగా ప్రయత్నించి వదిలేశాను. బదులుగా తెలుగులో సహజంగా వచ్చే పిలుపు ప్రత్యయాన్ని పంక్తి చివర పెట్టాను:

పాత మేడల గదుల్లో తిరిగే దయ్యాల్లారా,
కళ్లు కట్టే విద్య బేరం పెట్టే జిప్సీల్లారా,
నరకపు నల్ల చదువు నమిలి మింగిన వాళ్లారా,
మంత్రగాళ్లారా, మంత్రగత్తెల్లారా!

విద్య, చదువు పక్కపక్క పంక్తుల్లో ఉన్నాయి. శబ్దంలో చుట్టరికం పోయింది కానీ అర్థంలో నిలిచింది. నాకు పూర్తి తృప్తి లేదు. ‘నల్ల చదువు’ మాత్రం ఇష్టం.

జిప్సీ అనే మాటను అలాగే ఉంచాను. ఒక స్నేహితురాలు మన దగ్గర సంచార జాతుల పేరు ఏదైనా పెట్టమంది, పాఠకులకు దగ్గరవుతుందని. ఒప్పుకోలేదు. స్కాట్లండ్‌లో జిప్సీలకు కనికట్టు వచ్చని నమ్మడం వాళ్ల మీద పడ్డ నింద. దాని వెనుక వాళ్లను తరిమేసిన చట్టాలున్నాయి. ఆ నిందను తెచ్చి ఇక్కడ బతుకుతున్న మనుషుల మీద పెట్టడం అన్యాయం. జిప్సీల రోమానీ భాష మూలాలు భారతదేశంలోనే ఉన్నాయన్నది నిజమే. అలాగని పేరు మార్చే హక్కు నాకు రాదు.

ఆరుసార్లు కనిపించడం

మళ్లీ స్కాట్ పంక్తుల దగ్గరికి. అసలులో ‘సీమ్’ అనే క్రియ ఆరుసార్లు వస్తుంది. కవికి వేరే మాటలు దొరక్క కాదు. ఆ మోత కావాలనే పెట్టాడు, అదే మంత్రంలా పనిచేస్తుంది. తెలుగులో ‘కనిపించు’ వాడితే కనికట్టులోని ‘కను’ మళ్లీ మళ్లీ చెవిన పడుతుంది. ఇది తెలుగు నాకు ఉచితంగా ఇచ్చిన కానుక, అసలులో ఈ సౌకర్యం లేదు.

కనికట్టు బలం దానిలో నిండా ఉంది:
కన్నెపిల్ల గుర్రపు వీరుడై కనిపిస్తుంది,
చెరసాల గోడ మీది బూజు
దొరల చావట్లో బొమ్మల తెరై కనిపిస్తుంది,
కాయ పెంకు పసిడి పడవై కనిపిస్తుంది,
కొండ మీది మందకాపరి పాక పెద్ద నగరై కనిపిస్తుంది,
పడుచుతనం ముసలితనమై, ముసలితనం పడుచుతనమై కనిపిస్తాయి.
అంతా భ్రమ, నిజం రవ్వంత లేదు.

‘షీలింగ్’ అనే మాటకు ‘మందకాపరి పాక’ అన్నాను. వేసవిలో పశువులను మేత కోసం కొండల మీదికి తోలుకెళ్లినవాళ్లు తలదాచుకునే గుడిసె అది. ‘నగరు’ అంటే రాజుల ఇల్లు అని పాత వాడుక. ఇప్పటివాళ్లకు ఊరనే అర్థం స్ఫురిస్తుందేమో అని మాస్టారు సందేహించారు. ‘పెద్ద’ ముందు ఉంది, పాక పక్కన ఉంది, అర్థమవుతుందని ఉంచేశాను.

తర్వాత కథలో ఈ కనికట్టు పనిచేసే తీరు చూస్తే మాట ఎంపిక సరైందని ఇంకా నమ్మకం కుదిరింది. మరుగుజ్జు గాయపడిన డెలొరెయిన్‌ను గుర్రం మీద వేసి బ్రాంక్సమ్ కోటలోకి తీసుకెళ్తాడు. కాపలావాళ్ల గడ్డాల ముందు నుంచే వెళ్తాడు. గడ్డి బండి ఒకటి పోయిందని, అంతకు మించి ఏమీ చూడలేదని వాళ్లు తర్వాత ఒట్టేసి చెబుతారు. మళ్లీ దొరసాని చిన్న కొడుకును మరుగుజ్జు బయటికి తీసుకుపోతుంటే, వంతెన మీది కాపలావాళ్లకు రెండు కుక్కలు కనిపిస్తాయి. పిల్లవాడికేమో తన స్నేహితుడొకడు ఆటకు పిలుచుకెళ్తున్నట్టు ఉంటుంది. ఒకే మనిషి ఇద్దరి కళ్లకు రెండు రకాలుగా ఉన్నాడు. మార్పు మనిషిలో జరిగితే ఇది కుదరదు. చూపులో జరిగితేనే కుదురుతుంది. అడవిలో సెలయేరు అడ్డం రాగానే పారే నీళ్లకు మంత్రం విరిగి, వాడి అసలు రూపం బయటపడుతుంది.

స్కాట్ తన కావ్యానికి రాసిన వివరణల్లో గ్లామర్ అంటే ఏమిటో విడమరిచి చెప్పాడు. ఇంగ్లిష్ పాఠకులకు అప్పటికి ఆ మాట తెలియదు మరి. ఆ కావ్యం విపరీతంగా అమ్ముడుపోయి, మాట ఇంగ్లిష్‌లో స్థిరపడింది. ఇంగ్లిష్ కవి టెన్నిసన్ చేతికి వచ్చేసరికి కూడా అది మంత్రమే, వేల్స్ కథల్లోని మాంత్రికుడు గ్విడియన్ గ్లామర్‌తో పువ్వుల నుంచి కన్యను చేశాడని రాశాడు. మెల్లగా మంత్రం జారిపోయి మెరుపు మిగిలింది. 1930ల నాటికి హాలీవుడ్ దాన్ని సొంతం చేసుకుంది. 1939లో ‘గ్లామర్ ఆఫ్ హాలీవుడ్’ పేరుతో ఒక పత్రికే మొదలైంది. మన సినిమా పేజీలకు వచ్చిన గ్లామర్ ఈ చివరిది. ‘డీగ్లామర్ పాత్ర’ అని రాసేటప్పుడు మనకు తెలియకుండానే కనికట్టు విప్పుతున్నాం.

తేలని చోటు

ఒక చోట మాత్రం కనికట్టు అనే మాటే నన్ను ఇబ్బంది పెట్టింది. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే పండితుడు సేకరించిన పాత పాటల్లో 200వది జిప్సీ జానీ ఫా పాట. జిప్సీలు దొర వాకిట్లో ఎంతో తీయగా పాడతారు. దొరసాని మెట్లు దిగి వస్తుంది. ఆమె అందమైన ముఖం చూడగానే వాళ్లు ఆమె మీద గ్లామర్ విసురుతారు. ఆమె వాళ్లతో వెళ్లిపోతుంది. చివరికి ఒక్క ఆడమనిషి కోసం పదిహేనుమంది మగవాళ్ల ప్రాణాలు పోతాయి. ఈ పాట నోటినోటా తిరిగి ఇంగ్లండ్ చేరేసరికి, గ్లామర్ అంటే తెలియనివాళ్లు ఆ పంక్తిని ‘వాళ్లు తమ అమ్మమ్మను పిలిచారు’ అని మార్చి పాడారు. ‘గ్లామర్ ఓవర్ హర్’ వినడంలో ‘గ్రాండ్‌మదర్ ఓవర్’ అయింది. ఒక మాట చచ్చిపోతే పాట దాని చోటును ఎలా పూడ్చుకుంటుందో చూడండి.

రామ్సే పద్యంలో గ్లామర్ కళ్ల మీద పడింది. ఈ పాటలో ‘ఆమె మీద’ అని మాత్రమే ఉంది, కళ్ల మాట లేదు. నేను ‘ఆమెకు కనికట్టు చేశారు’ అంటే ఆమె మోసపోయిందని తేల్చేసినట్టే. పాట అలా తేల్చదు. తీయని పాట విని తనంతట తానే దిగి వచ్చిందా, మంత్రానికి లొంగిందా అన్నది వినేవాళ్లకే వదిలేస్తుంది. మంత్రం అని చెప్పుకోవడం దొర ఇంటి పరువుకు మంచిది కూడా. రెండు ప్రతులు రాసుకున్నాను. ఒకదాంట్లో కనికట్టు ఉంది. రెండోది ఇది:

ఆ చక్కని మొగం చూశారో లేదో
ఆమె మీద మత్తు చల్లారు.

మత్తు మందైనా కావచ్చు, పాటైనా కావచ్చు, ప్రేమైనా కావచ్చు. మాస్టారికి కనికట్టు ప్రతే నచ్చింది, మాట ఒకటే అయినప్పుడు తెలుగూ ఒకటే ఉండాలని ఆయన పట్టుదల. నేను రెండో ప్రతినే పంపాను.